సీతారామ స్టీమరు

తెనాలి,
12-6-1966

గంగాభాగీరథీ సమానురాలైన అక్కయ్య మాణిక్యాంబగారికి తమ్ముడు పూర్ణచంద్రరావు నమస్కరించి వ్రాయునది.

బావ పోయి రెండు నెలలైంది. ధైర్యం చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. నువ్వు ఒకరు ధైర్యం చెబితే వినే రకం కాదని నాకు తెలుసు. విషయం స్టీమరు గురించి.

శివరామయ్య బావ బతికుండగా మొహం మీద అనలేకపోయాను. ఆ పడవ మీద ఆయనకున్న మోజు చూసి మన చుట్టాలంతా వెనకాల నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను. దేశమంతా డీజిలు మీద నడుస్తుంటే, రేవులో పొయ్యి రాజేసి, నీళ్ళు కాగేదాకా జనాన్ని గట్టు మీద కూచోబెట్టే వ్యాపారం ఇంకెక్కడైనా ఉందా? మా బియ్యం మిల్లులో ఆ వయసు ఇంజన్ని తూకానికి అమ్మేసి చాలాకాలమైంది.

గుంటూరులో పాత ఇనుము కొనే మనిషిని మాట్లాడాను. వచ్చే వారం పంపిస్తాను. చెప్పినచోట సంతకం పెట్టు. పొలం కౌలుకిచ్చి తెనాలి వచ్చెయ్యి. మేడ మీద గది ఖాళీగానే ఉంది. రేవులో సరంగులతో, కూలీలతో మాటలు పెట్టుకోవడం మన ఇంటి ఆడవాళ్ళు చేసే పని కాదు. నాన్నగారి పరువు కొంచెం మిగిలింది. దాన్నైనా ఉండనీ.

నీ మరదలు ఝాన్సీలక్ష్మి నిన్ను అడిగినట్టు రాయమంది.

పూర్ణచంద్రరావు


రేపల్లె,
25-6-1966

చిరంజీవి పూర్ణచంద్రానికి అక్క ఆశీస్సులు.

గంగాభాగీరథీ సమానురాలు అని రాశావు. మొగుడు పోయినదాన్ని నదులతో పోల్చి ఒక పక్కన కూచోబెట్టడం మర్యాద కాబోలు. నాకు అంత దూరపు నదులక్కర్లేదు. ఇంటికి రెండు కోసుల్లో కృష్ణ ఉంది. అందులో నా పడవ ఉంది. ఇకనుంచి వట్టి పేరు రాయి, సిరా కలిసొస్తుంది.

నీ పాత ఇనుము మనిషి వచ్చాడు. స్టీమరు చుట్టూ తిరిగి, బాయిలరు మీద వేళ్ళతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. పుచ్చకాయ కొనేవాడు ఇంతకన్నా శ్రద్ధగా వింటాడు. మజ్జిగిచ్చి పంపించాను.

మీరంతా నవ్వారు గనక ఒక సంగతి గుర్తుచేస్తాను. మా మామగారు వెంకటకృష్ణయ్యగారు సీతారామని కొన్నప్పుడు అది కాలవ మీద నడిచేది. తెనాలిలో ఎక్కి అంగలకుదురు దాటి, రైలు పోని ఊళ్ళన్నీ తాకుతూ సముద్రం వైపుకి వెళ్ళేది. అలాంటి స్టీమర్లు అప్పుడు కాలవల మీద చాలా ఉండేవి. పైన జంబుఖానా పరిచి పెద్దమనుషులు, కింద బుట్టలతో కూలిజనం. మన నాన్నకి సొంత గుర్రబ్బండి ఉండి కూడా స్టీమరులో పైనే కూచుని వెళ్ళేవాడు, గట్టు మీదవాళ్ళు చూడాలని. నన్ను ఈ ఇంటికి ఎందుకిచ్చారనుకున్నావు? స్టీమరుగల సంబంధమని. నా పెళ్ళికి ఊరు ఊరంతా ఎక్కి, వియ్యాలవారి పడవే గదా అని ఒక్కరూ టిక్కెట్టు కొనకుండా దిగారు. అప్పుడది పరువు.

తరవాత బస్సులొచ్చాయి. గట్టు మీద బస్సులో కూచున్నవాళ్ళు కిందనున్న స్టీమరుకి చెయ్యూపడం మొదలుపెట్టారు. చూస్తూ ఉండగా కాలవ ఖాళీ అయింది. మిగతావాళ్ళు పడవలమ్ముకున్నారు. మీ బావ అమ్మలేదు. కృష్ణ మీద బస్సు నడవదు గదా అని సీతారామని ఏట్లోకి తెచ్చాడు. దివిసీమ జనం రేపల్లెలో రైలు దిగి ఏరు దాటాలంటే పడవే గతి. ఆమాత్రం ఆలోచన ఉన్నవాణ్ణి చూసి నవ్వారు మీరు.

రేవుకి రోజూ నేనే వెళ్తున్నాను. గొడుగు, మడతకుర్చీ పట్టుకెళ్తాను. చక్రం పట్టేది అబ్రహాము, మీ బావ పెట్టిన సరంగే. టిక్కెట్లు నేనిస్తాను.

మేడ మీద గదిలో మీ మిల్లు గోతాలు పెట్టుకోండి. ఝాన్సీని నేనూ అడిగానని చెప్పు. ఆమె అడగలేదని నాకు తెలుసు. ఆమె అడిగితే తనే రాస్తుంది.

మాణిక్యాంబ


తెనాలి,
18-1-1967

అక్కయ్యకు,

మొన్న మిల్లుకి వచ్చిన అవనిగడ్డ షావుకారు, నువ్వు గొడుగేసుకుని రేవులో టిక్కెట్లు చింపుతున్నావని నలుగురిలో చెప్పి నవ్వాడు. నేను ఆయనకి కాఫీ ఇప్పించి లోపలికి వెళ్ళిపోయాను. ఇంతకంటె రాయను.

మీ రేవులో కొత్త డీజిలు లాంచీ దిగిందట. విజయలక్ష్మి. నలభై గుర్రాల ఇంజను, పూనా నుంచి తెప్పించింది. నిప్పు రాజెయ్యడం, ఆవిరి కోసం కాచుకోవడం ఉండదు. హ్యాండిలు తిప్పితే కదులుతుంది. మీ పడవ ఒకసారి దాటేలోపల అది పోయి రాగలదు. పైన రేకు కప్పు వేశారు, సరుకు పెట్టుకోవడానికి ముందు భాగంలో చోటుంది. హనుమయ్య అనే అతను నడుపుతున్నాడు. సమర్థుడని విన్నాను. దానితో పోటీ పడాలని చూసి నవ్వులపాలు కావద్దు. ఇప్పటికే అయినదానికి కొలత లేదు.

పూర్ణచంద్రరావు


రేపల్లె,
9-2-1967

చిరంజీవి పూర్ణచంద్రానికి,

లాంచీ గురించి స్వయంగా చూసినవాడిలా రాశావు. తెనాలిలో కూచుని దాని ముందు భాగంలో చోటెంతుందో కూడా కనిపెట్టావు. ఇంత జ్ఞానం ఎక్కడిది? నేను రోజూ చూసేదాన్ని గనక మిగతాది చెబుతాను.

అది కదిలితే గట్టు మీద మనిషి మాట మనిషికి వినబడదు. వెళ్ళినంతమేరా నీళ్ళ మీద నూనె. అయినా జనం దానికే ఎగబడుతున్నారు. నిన్నటిదాకా పిల్లల్ని నా పడవలో ఊరికే ఎక్కించుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పొగ పొగ అంటున్నారు. వీళ్ళని ఇన్నేళ్ళు ఏరు దాటించినందుకు మీ బావకి ఇంకో జన్మలో చేపగా పుట్టే శిక్ష పడుతుంది.

ప్రతి పడవకీ పక్కన తెల్లగీత ఉంటుంది. అది నీళ్ళని తాకితే ఇంకొకర్ని ఎక్కించకూడదు. సీతారామ గీత మునగడం నేను చూడలేదు. హనుమయ్య లాంచీకీ గీత ఉంది. అది ఎప్పుడూ నీళ్ళ కిందే. రొయ్యలు చదువుకోవాలి.

అబ్రహాము మానేశాడు. వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, హనుమయ్యగారు రమ్మంటన్నారండి. జీతం ఎక్కువ ఇస్తారంటండి. పిల్లోణ్ణి చదువులో పెట్టాలండి."

"వెళ్ళు. ఆవిరితో నడపడానికి బుర్ర కావాలి. డీజిలుకి హ్యాండిలు తిప్పే చెయ్యుంటే చాలు. ఇన్నాళ్ళూ నీకు బరువెక్కువైంది పాపం" అన్నాను.

అబ్రహాము కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మాట బాగా తగిలిందని ఇంటికొచ్చాక కూడా నవ్వుకున్నాను.

అడవులదీవి నుంచి ఒక ముసలి సరంగుని తెచ్చుకున్నాను. చెవుడు. నా మాటలు పడవలసిన అవసరం లేదు గనక కలకాలం ఉంటాడు.

మాణిక్యాంబ


తెనాలి,
2-8-1967

అక్కయ్యకు,

నాకు లాంచీ జ్ఞానం ఎక్కడిదని అడిగావు. పేపరు చదివేవాడికి అన్నీ తెలుస్తాయి.

హనుమయ్య నీ స్టీమరు కొని పక్కన పెట్టేస్తానంటున్నాడట. మనిషి మర్యాదగా అడుగుతున్నప్పుడే ఇచ్చెయ్యి. వర్షాకాలంలో ఆ తడి కట్టెలతో నీ తిప్పలు చూసి రేవులో పందేలు వేసుకుంటున్నారని విన్నాను. ఆవిరి వస్తుందా రాదా అని.

పూర్ణచంద్రరావు


రేపల్లె,
22-11-1967

పూర్ణచంద్రరావుకి,

ఈపాటికి నువ్వు విని ఉంటావు. అయినా నేను చూసింది చెబుతాను.

ఆదివారం మధ్యాహ్నం నుంచి ఈశాన్యపు గాలి పట్టింది. గాలి చూసి సీతారామకి నిప్పు తీసేయించాను. అప్పుడే పెళ్ళివారు రైలు దిగి జట్కాల మీద రేవుకి వచ్చారు. ఏటి అవతల పెళ్ళి. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, బిందెలు, మేళం. హనుమయ్య లాంచీలో బియ్యం బస్తాలు ముందే వేసి ఉన్నాయి. వాటి మీద వీళ్ళందర్నీ ఎక్కించాడు.

అబ్రహాము ఇంజను ఆపి దిగొచ్చాడు. సగంమందిని దింపమన్నాడు. హనుమయ్య వినలేదు. నేను కుర్చీలోంచి లేచి వెళ్ళాను.

"రెండు ట్రిప్పులు వెయ్యి హనుమయ్యా. గాలి చూడు."

"మీ పొగపడవకి బేరం లేదని మా జనాన్ని దింపుతారేంటండి మాణిక్యాంబగారూ?" అన్నాడు. గట్టు మీదవాళ్ళు నవ్వారు. పెళ్ళివారూ నవ్వారు.

నేను అబ్రహాముకేసి తిరిగాను. "నువ్వు తియ్యనంటే అది కదలదు గదా."

"చెప్పానండి. ఇందాక ఈయన కొట్టుకి ఫోనొచ్చిందండి. బస్తాలు ఈ పూటే అవతలికి చేరాలని, ఒక్క మనిషిని కూడా వదలొద్దని. ఓనరుగారే అన్నాక నేనేం చేసేదండి."

"ఓనరు ఇక్కడే ఉన్నాడుగా."

అతను నా మొహంలోకి చూశాడు. "ఈయన కాదండి. తెనాలి ఓనరుగారు. మీ తమ్ముడుగారండి. మీకు తెలీదా అండి?"

ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించే మనిషిని, ఆ కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ కాసేపట్లోనే హనుమయ్య అరిచాడు, అబ్రహాము ఎక్కాడు, లాంచీ కదిలింది.

నడి ఏట్లో గాలి పక్కనించి కొట్టింది. జనం భయపడి అందరూ ఒకవైపుకి జరిగారు. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఇంజను శబ్దం ఆగిపోయింది, అంతే. తరవాత కేకలు వినబడ్డాయి. డోలు ఒకటి తేలుతూ కనబడింది.

నాటుపడవలవాళ్ళు వెళ్ళి చేతికి దొరికినవాళ్ళని లాగారు. మేము సీతారామకి నిప్పు రాజేశాం. సరుగుడు కట్టెలు తడిసి ఉన్నాయి, అంటుకోలేదు. ఆవిరి వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. నా పడవ గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నానని అనుకుంటావేమో, అందుకే ఇది కూడా చెబుతున్నాను.

పదకొండుమంది పోయారు. అబ్రహాము ఒకడు. అతనికి ఈత వచ్చు. ఇద్దరు పిల్లల్ని నాటుపడవకి అందించి మళ్ళీ వెనక్కి వెళ్ళాడట.

అతని భార్య రిబ్కా రేవుకి వచ్చి నా పక్కన నిలబడింది. "అమ్మా, నెలాఖరుకి మళ్ళీ మీ పడవలోకే వచ్చేస్తానన్నాడమ్మా. మీరు తిడతారని ఆలోచిస్తన్నాడు" అంది. ఆమెకి నేనేం చెప్పాలి?

ఓనరుగారూ, మీరేం చెబుతారు?

మాణిక్యాంబ


బాపట్ల,
1-12-1967

ప్రియమైన అక్కయ్యకి తమ్ముడు చంద్రం అనేక నమస్కారాలు.

నేను బాపట్లలో ఝాన్సీ పుట్టింట్లో ఉన్నాను. తెనాలిలో పోలీసులు ఇంటికొచ్చి వెళ్ళారు. నాకు తిండి సహించడం లేదు. మామగారు పైకి ఏమీ అనరు గానీ నాతో భోజనానికి కూచోవడం మానేశారు.

లాంచీలో నా వాటా ఉన్న మాట నిజమే. నీ మనసు కష్టపెట్టుకుంటావని చెప్పలేదు. రేవు మనవాళ్ళ చేతుల్లోనే ఉంటే రేపు నీకే మంచిదని అనుకున్నాను.

త్వరలో ఎంక్వయిరీ పెడతారట. నువ్వు ఫోను సంగతి ఎత్తకు. అది సరంగు చెప్పగా నువ్వు విన్నదేగానీ కళ్ళతో చూసింది కాదు గదా. సరంగు తాగి ఉన్నాడని హనుమయ్య చెబుతాడు, చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. నువ్వు వాళ్ళతో కలవక్కర్లేదు. నాకేం తెలియదు అంటే చాలు. పోయినవాడికి ఇంక ఉద్యోగం పోదు, జైలు రాదు. మాకు పిల్లలున్నారు. రిబ్కాకి కూడా ఏదో ఒకటి చేద్దాం.

అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. పక్కింటివాళ్ళ జామకాయలు నేను కోస్తే నువ్వు కోశానని చెప్పి నాన్న చేత దెబ్బలు తిన్నావు. నాకు అన్నీ గుర్తున్నాయి. ఈ ఒక్కసారి ఆదుకో అక్కయ్యా. నీ సీతారామకి మంచి డీజిలు ఇంజను వేయిస్తాను.

చదివి చింపెయ్యి.

చంద్రం


రేపల్లె,
7-12-1967

పూర్ణచంద్రరావుకి,

నీ ఉత్తరం చింపలేదు. పొయ్యి రాజెయ్యడానికి వాడాను. ఈ ముసురుకి కట్టెలు ఇంకా తడిగానే ఉన్నాయి, ఎండు కాగితం పనికొచ్చింది. నిశ్చింతగా ఉండు, దాన్ని ఎవరికీ చూపించవలసిన అవసరం నాకు లేదు. నా నోరు చాలు.

అబ్రహాము తాగడు. హనుమయ్యకి ఆ సంగతి తెలుసు, నీకు తెలియదు. నీకు తెలియవలసిన అవసరం ఎప్పుడూ పడలేదు, ఎందుకంటే నువ్వు అతన్ని చూడనే లేదు. ఏరు చూడకుండా లాంచీ నడిపావు, మనిషిని చూడకుండా తాగుబోతుని చేస్తున్నావు. కూచున్నచోటి నుంచి ఇన్ని పనులు చెయ్యగలవాడివి, బాపట్లలో మామగారింట్లో దాక్కోవడం ఎందుకు? సముద్రపు గాలి ఒంటికి మంచిదనా?

అబ్రహాము మంచి సరంగని అతను బతికుండగా నేను ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడంటాను. ఆఫీసరు ముందు అంటాను.

జామకాయల సంగతి ఎత్తావు. ఆ దెబ్బలు జామకాయల కోసం తిన్నాను. మనుషుల కోసం తినను.

డీజిలు ఇంజను మీ మామగారింట్లో పెట్టించు. నిన్ను చూసి మొహం తిప్పుకునేటప్పుడు ఆయనకి ఆ చప్పుడైనా కాలక్షేపం.

మాణిక్యాంబ


తెనాలి,
6-4-1968

మాణిక్యాంబగారికి,

రేపల్లె తాలూకా కచేరీలో మీరు చెప్పిన సాక్ష్యం విన్నవాళ్ళు నాకు మాటకి మాట చెప్పారు. తోడబుట్టినవాడి పేరు, ఊరు, మిల్లు పేరుతో సహా చెప్పారట. డిప్యూటీ కలెక్టరుగారు కుర్చీ వేయిస్తే వద్దని నిలబడే చెప్పారట. చప్పట్లు కొట్టారా ఎవరైనా?

లాంచీ లైసెన్సు రద్దయింది. హనుమయ్య మీద, నా మీద కేసు పెట్టారు. బెయిలు మీద బయట తిరుగుతున్నాను. మిల్లు వాటాదారులు నేను గదిలోకి వస్తే లేచి వెళ్తున్నారు. ఇదంతా చేసి మీరు సంపాదించిందేమిటి? అదే ఎంక్వయిరీ రిపోర్టులో పాత బాయిలరు ప్రమాదమని రాసి మీ పొగపడవని కూడా ఆపించారు. దాన్ని నిలుపుకోవడానికే మీరింతకు తెగించారని నమ్మినవాళ్ళు ఇప్పుడు కడుపుబ్బ నవ్వుతున్నారు. వాళ్ళలో నేనున్నాను.

వైశాఖంలో నాన్నగారి తద్దినం. ఏటేటా పిలిచాను. ఈసారి మీరు రానక్కర్లేదు. ఇకమీదట ఎప్పుడూ రానక్కర్లేదు. మా గుమ్మంలో మీకు పని లేదు.

దీనికి జవాబు అక్కర్లేదు.

పూర్ణచంద్రరావు


రేపల్లె,
15-4-1968

పూర్ణచంద్రానికి,

జవాబు అక్కర్లేదన్నావు. నీకు అక్కర్లేనివన్నీ చేస్తూనే ఇంతదాకా వచ్చాను.

ఈ ఉత్తరంలో నన్ను మీరు అని రాశావు. పుట్టి బుద్ధెరిగాక నాకు నువ్విచ్చిన మొదటి మర్యాద ఇది. ఏం చేశాక ఇచ్చావో చూసుకో.

సీతారామ ఆగిపోయిన మాట నిజమే. నీ గుంటూరు మనిషే మళ్ళీ వచ్చాడు. ఈసారి బాయిలరుకి చెవి పెట్టలేదు. మొన్నటినించి రేవులో విప్పుతున్నారు. ముందు పొగగొట్టం దింపి గట్టు మీద పడుకోబెట్టారు, అందులో మేకపిల్లలు దూరి ఆడుతున్నాయి. మన కాలవల మీద, ఈ ఏటి మీద తిరిగిన స్టీమర్లలో ఇదే ఆఖరుది. ఒకప్పుడు దాని పైన కూచోవడానికి కొట్టుకున్నవాళ్ళ మనవలు రేవులోంచే వెళ్తున్నారు, తల తిప్పి చూసినవాడు లేడు. నేనూ, చెవిటి సరంగూ చూస్తున్నాం. అతను కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు. దాని కోసం నేను సాక్ష్యం చెప్పానని నువ్వు అనుకుంటే అనుకో. నీ చేతికి అందే కారణాలు అలాంటివే.

రిపోర్టులో ఇంకో మాట ఉంది, అది నువ్వు రాయలేదు. ప్రమాదానికి సరంగు కారకుడు కాడని. తాలూకా కచేరీ గుమాస్తా అది చదివి వినిపిస్తే రిబ్కా రెండోసారి చదవమంది. విని లేచింది. నాకు దణ్ణం పెడుతుందేమోనని నా పక్కనున్నవాళ్ళు చూశారు. పెట్టలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని తిన్నగా వెళ్ళిపోయింది. నిన్నూ నన్నూ కలిపి తూచినా ఆమె పాటి బరువుండం.

తద్దినానికి నేను వస్తున్నాను. నాన్న నీ ఒక్కడికే నాన్న కాదు. పొద్దుటి బండికి దిగి నడిచే వస్తాను.

మరో పని కూడా ఉంది. ఈ రెండేళ్ళలో నువ్వు రాసిన ఉత్తరాలన్నీ తలుచుకున్నాను. పరువు గురించి రాశావు. వాటా, లైసెన్సు, కేసు, బెయిలు, మిల్లు, మీ మామగారి భోజనం కూడా రాశావు. పోయినవాళ్ళు ఎవరని మాత్రం ఒక్కసారి అడగలేదు. పదకొండుమంది పేర్లూ, ఊళ్ళూ నాకు నోటికి వచ్చు. అవి నీకు చెప్పి వెళ్తాను. తలుపు తీస్తే లోపలికొచ్చి మెల్లగా చెబుతాను. తియ్యకపోతే అరుగు మీద నిలబడి వీధికి చెబుతాను.

అక్క